తొలి దూకుడుకి కొలత లేదు

మా నాన్న అబద్ధం ఆడి ఎరగడని వెస్లెదాల్ లోయంతా చెప్పుకునేవారు. ఆ చలికాలం వరకూ నేనూ అలాగే చెప్పుకున్నాను.

అంతర్జాతీయ స్కీ పోటీలు మా లోయకి వచ్చిన ఏడాది అది. మంచు మీద జారడం లోకానికి నేర్పింది నార్వే వాళ్ళమేనని మా దగ్గర ప్రతి ముసలాడికీ మీసాల మీద నిమ్మకాయలు నిలబెట్టేంత గర్వం. ఫ్రాన్సులో మొదటిసారి చలికాలపు ఒలింపిక్స్ పెట్టినప్పుడు "మన ఆట మనకే నేర్పుతారట" అని నవ్వినవాళ్ళే, ఇప్పుడు ఆ పరదేశీలంతా మా స్టేషన్లో దిగుతున్నారనగానే గుమ్మాలకి కొత్త రంగులు వేసుకున్నారు.

గుడ్లగూబ కొండ మీది దూకుడు వాలుని ఆ పోటీల కోసం బాగా పెంచారు. పైన కొయ్యతో కట్టిన గోపురం, దాని మీంచి కిందికి జారుబాట, బాట చివర అంచు. అంచు దాటితే గాలి. గాలి అయ్యాక దిగుడు వాలు. ఇదంతా చూసుకునేది మా నాన్న తోర్లీఫ్. మంచు తొక్కించడం, బాట చెక్కడం, చీపురుతో ఊడ్చడం ఆయన పని. అంత పెద్ద వాలు మీద ఎవరూ దూకలేదు కాబట్టి దాని గుణం ఎవరికీ తెలియదు. అందుకే పోటీకి ముందు ఎవరో ఒకరు దూకి చూపించాలి. దాన్ని తొలి దూకుడు అంటారు. ఏ మెట్టు నుంచి బయల్దేరితే ఎంత దూరం పోతారో అది చూసి జడ్జీలు తేలుస్తారు. తొలి దూకుడుకి మార్కులుండవు, పేరుండదు, కొలతుండదు. మెడ విరిగే పని కనుక పోటీలో దిగే మగవాళ్ళని దానికి పెట్టరు. మా లోయలో ఆ పని నాది. ఆడపిల్లని కాబట్టి పోటీకి ఎలాగూ పనికిరాను. మెడ మాత్రం పనికొచ్చింది.

క్రిస్మస్ వెళ్ళిన వారంలో, పాలు పితుకుతూ నాన్నని అడిగాను.

"చలికాలమంతా నీ కొత్త వాలు మీద నేను దూకి చూపిస్తాను. నాకొకటి కావాలి."

"కొత్త బూట్లా?"

"పోటీ రోజు నా దూకుడు కొలిపించు. ఒక్కసారి."

ఆయన పాలకుండ పక్కన పెట్టాడు. "కొలిచి ఏం చేసుకుంటావే? ఉప్పేసి ఊరబెట్టుకుంటావా?"

"నా ఇష్టం. నాక్కావాలి."

"సరేలే. ఆస్లాక్‌కి చెప్తాను. చెయ్యెత్తుతాడు."

ఆస్లాక్ మా పక్కింటి చెప్పులు కుట్టే బాబాయ్. కొలత మనుషుల్లో పెద్ద. వాళ్ళు దిగుడు వాలు పక్కన వరసగా నిలబడతారు. దూకినవాడు మంచు మీద ఎక్కడ దిగితే అక్కడున్న మనిషి చెయ్యెత్తుతాడు. అలా చెయ్యెత్తితేనే ఆ దూకుడు జరిగినట్టు లెక్క. అప్పటికి నేను ఎన్ని దూకుళ్ళు దూకానో దేవుడికే ఎరుక. ఒక్కదానికీ ఎవరూ చెయ్యెత్తలేదు.

మా తమ్ముడు సీవెర్ట్ ఆ పోటీల్లో మా దేశం తరఫున దిగేవాళ్ళలో ఉన్నాడు. లోయ నుంచి ఎంపికైంది వాడొక్కడే. అందగాడు, బలంగలవాడు, భయం లేనివాడు. నేర్చుకోవడానికి మాత్రం నా దగ్గరికే వచ్చేవాడు. పొయ్యి దగ్గర స్కీలకి తారు పూస్తూ, "అక్కా, అంచు దాటాక ఎట్లా ఉంటుందే?" అని చిన్నపిల్లాడిలా అడిగేవాడు.

"మొదట ఏమీ ఉండదురా. ఆ తర్వాత గాలి గట్టిపడుతుంది, పరుపులాగా. దాని మీద పడుకోవాలి. భయపడి లేచావో, నిన్ను విసిరి కొడుతుంది."

"ఇంకా?"

"ఎడమ వైపు వాగు గండి ఉందా, పొద్దు వాలాక అందులోంచి గాలి కొడుతుంది. అప్పుడు ఎడమ భుజం కాస్త దించు. దించకపోతే తిప్పేస్తుంది."

అమ్మ రొట్టెలు కాలుస్తూ వినేది. "ఆ నోటితో నాలుగు మాటలు పెళ్ళి గురించి మాట్లాడినా బాగుండు" అనేది. నేను పకపకా నవ్వేదాన్ని. ఆ చలికాలంలో నేను నవ్విన నవ్వులన్నీ ఆ పొయ్యి దగ్గరే అయిపోయాయి.

పోటీల వారం రానే వచ్చింది. పరదేశీ జడ్జీలతో పాటు ఒక డాక్టరూ దిగాడు. మందుల షాపు హోల్టే మా స్కీ సంఘానికి అధ్యక్షుడు, జర్మన్ భాష వచ్చినవాడు. ఆయన మా వంటింట్లోకి వచ్చి, కాఫీ కూడా ముట్టకుండా చెప్పాడు.

"తోర్లీఫ్, చిక్కొచ్చిపడింది. వాలు మీద ఆడమనిషి కనబడకూడదంటున్నారు. దూకితే ఆడవాళ్ళకి లోపల ఏదో జారిపోతుందట. డాక్టరే అన్నాడు."

"రోజూ నిండు పాలబిందెలతో ఆ ఐసు దిబ్బ దిగుతున్నాం. ఏమీ జారలేదు, బిందెలు తప్ప" అంది అమ్మ.

"నేననడం లేదు తల్లీ, డాక్టరంటున్నాడు." హోల్టే నావైపు తిరిగాడు. "కానీ ఈ పిల్ల తప్ప కొత్త వాలు ఎవరికీ తెలియదు. ఇంకెవరినన్నా పెడితే చస్తాడు. అందుకని సీవెర్ట్ పాత స్వెటర్ వేసుకోనీ. జుట్టు టోపీలోకి దోపుకోనీ. అంత దూరం నుంచి ఎవడు చూడొచ్చాడు?"

మా లోయలో ప్రతి ఇంటి స్వెటర్‌కీ ఒక అల్లిక ఉంటుంది. ఛాతీ మీది పూలు చూసి ఎవరింటివాడో అవతలి గట్టు నుంచే చెప్పేస్తారు. సీవెర్ట్‌కి అమ్మ అల్లిన కొత్తదీ, పాతదీ ఒకే పూలు. పాతది నాకు సరిగ్గా సరిపోయింది.

"ఈ పూటకి నువ్వు ఆడపిల్లవి కాదు" అన్నాడు నాన్న.

"కొలత?"

"చెప్పానుగా. ఆస్లాక్ చెయ్యెత్తుతాడు."

పోటీ రోజు పొద్దున్నే గుడ్లగూబ కొండ కింద రైళ్ళు ఖాళీ అయినంత జనం. ఫిన్లాండు వాళ్ళు, స్వీడన్ వాళ్ళు, ఆల్ప్స్ కొండల నుంచి వచ్చిన పొట్టి టోపీల వాళ్ళు. బ్యాండు మేళం ఊదుతుంటే ఊపిరి బూరాల్లో గడ్డకట్టుకుపోతోంది. నేను గోపురం ఎక్కాను. అంచు దగ్గర నిలబడ్డ నాన్న పై మెట్టుకి వెళ్ళమని చేత్తో చూపించాడు. ఆ చలికాలంలో నేను ఎన్నడూ అంత ఎత్తు నుంచి దిగలేదు. పై మెట్టు ప్రమాదమో కాదో మగవాళ్ళు దిగకముందే తేలాలి. అందుకు నన్ను వాడుకున్నారు. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే ఎక్కాను.

ఎలా దూకానో చెప్పమంటే చెప్పలేను. గాలి పరుపు కంటే గట్టిగా ఉంది. జడ్జీల మంచె నా కిందుగా పోయింది. కొలత మనుషులు ఒక్కొక్కరూ తలెత్తి చూస్తుండగా వాళ్ళని దాటిపోయాను. చిట్టచివర, వాలు పక్కన రెండుగా చీలిన బండ ఒకటుంది. దాని ఎదురుగా దిగాను. పడకుండా నిలబడ్డాను. జనం గొంతులు చించుకున్నారు.

"సీవెర్ట్! సీవెర్ట్! సీవెర్ట్!"

వెనక్కి తిరిగి చూశాను. చీలిన బండ దగ్గర ఆస్లాక్ బాబాయ్ నిలబడి ఉన్నాడు. చెయ్యి పైకి లేచి ఉంది. ఆయన ముఖం మాత్రం పైన అంచు వైపు ఉంది. అక్కడ నాన్న, నాన్న పక్కన హోల్టే. నాన్న చెయ్యి కిందికి ఊపాడు. ఈగని తోలినంత చిన్నగా. ఆస్లాక్ బాబాయ్ చెయ్యి దిగిపోయింది.

నేను స్కీలు విప్పుకుని పైకి ఎక్కి వచ్చాను.

"ఎందుకు దించమన్నావు?"

"మెల్లగా మాట్లాడు." నాన్న నా టోపీ ఇంకా కిందికి లాగాడు. "పోటీకి ముందే రికార్డు పోతే పోటీ దేనికే? పైగా నువ్వెవరో అడుగుతారు. ఏం చెప్పను?"

"నీ కూతురని చెప్పు."

ఆయన చీపురు తీసుకుని బాట ఊడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

జడ్జీలు భయపడి బయల్దేరే మెట్టు బాగా కిందికి దించారు. మొదటి విడతలో మగవాళ్ళందరూ జాగ్రత్తగా దూకారు, బుద్ధిమంతుల్లాగా. సీవెర్ట్ కూడా బాగానే దూకాడు. వాలు పక్కన సగం దూరంలో ఒక భోజవృక్షం మోడు ఉంది, దానికి ఎదురుగా దిగాడు. ఆ విడతలో వాడిది రెండో స్థానం. కానీ జనం పొద్దున్న చూసింది మరిచిపోలేదు.

"ఒరేయ్ సీవెర్ట్! పొద్దున్న దూకినంత దూకరా!"

"మధ్యాహ్నం భోజనం ఎక్కువైందేమో!"

"స్వెటర్ మార్చాడురా, అదృష్టం పాతదాంట్లో ఉండిపోయింది!"

ఈలలు, నవ్వులు. మా వాళ్ళే, పరదేశీలు కాదు. సీవెర్ట్ ముఖం ఉడికిన దుంపలా అయింది. సూటిగా జడ్జీల మంచె దగ్గరికి వెళ్ళి, రెండో విడతకి మెట్టు పైకి జరపమని అడిగాడు. జనానికి కావలసిందీ అదే. హోల్టే పరుగెత్తుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. నేను నాన్న పక్కనే ఉన్నాను, తమ్ముడి స్వెటర్లో.

"తోర్లీఫ్, పెద్ద జడ్జీ అడుగుతున్నాడు. పోటీలో ఉన్నవాళ్ళలో ఎవరైనా పై మెట్టు నుంచి నిలబడి దిగారా అని. వాళ్ళకి అది సాధ్యమేనా అని."

నాన్న నన్ను చూశాడు.

"దిగాడు" అన్నాడు. "మావాడే. సీవెర్ట్. ప్రాక్టీసులో దిగాడు."

హోల్టే వెళ్ళి అదే జర్మన్లో చెప్పాడు, జడ్జీలు మెట్టు పైకి జరిపారు. అంతే జరిగింది. కొందరికి పెద్ద సంగతులు పెద్దగా జరుగుతాయేమో. మా ఇంట్లో ఇలా జరిగింది.

పొద్దు శిఖరం వెనక్కి పోయింది. జారుబాట అద్దంలా గడ్డకట్టింది. గోపురం మెట్ల మీద సీవెర్ట్ వెనకాల పడ్డాను.

"ఒరేయ్, ఆగు. పై మెట్టు వేగం వేరేరా. గండి గాలి మొదలైంది. అంచు దాటగానే ఎడమ భుజం..."

"నోర్ముయ్." వాడు వెనక్కి తిరగలేదు. "నా పేరు పెట్టి అరిచారు. అరిపించుకున్నది నువ్వు. ఊరి ముందు నన్ను వెధవని చేసి, ఇప్పుడు పాఠాలు చెప్తున్నావా?"

"నేను అడిగానురా ఆ స్వెటర్?"

"విప్పి ఇంటికి పో. ఆవులు అరుస్తుంటాయి."

వాడు ఎక్కిపోయాడు. నేను అక్కడే, ఆ మెట్ల మీద నిలబడ్డాను. అంచు దాటేటప్పుడు వాడి వీపు చూశాను. అందంగా ఉంది. ఎడమ భుజం దించలేదు. గాలి వాణ్ణి ఎడమ నుంచి ఎత్తి, పక్కకి తిప్పి, చీలిన బండకి ఇవతల వీపు మీద పడేసింది. స్కీ ఒకటి ఊడి, చాలాసేపు కిందికి జారుతూ పోయింది. ఈసారి ఎవరూ పేరు పెట్టి అరవలేదు.

ఈస్టర్‌కి ముందు పట్నం ఆస్పత్రి నుంచి తీసుకొచ్చారు. నడుము కింద ప్రాణం లేదు. వంటింటి కిటికీ పక్కన చక్రాల కుర్చీ. కిటికీలోంచి గుడ్లగూబ కొండ మొత్తం కనబడుతుంది. వాణ్ణి ఎత్తడం, దించడం, కడగడం, తుడవడం అమ్మ నడుముకి చేతకాదు. చలికాలమంతా గట్టిపడిన కాళ్ళు ఇంట్లో నావే ఉన్నాయి.

పరామర్శకి వచ్చినవాళ్ళు వాడి పొద్దుటి దూకుడు గురించే మాట్లాడారు. ఆ వంటింట్లో నిజం తెలిసినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టడం మానేశాను. లోయలో సగం మంది నేను రోజూ దూకుతుంటే చూసినవాళ్ళే. కాళ్ళు పోయిన కుర్రాడికి ఒక దూకుడు ఇస్తే పోయేదేముందని అనుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఇచ్చింది నా సొత్తు.

ఒకనాడు రాజధాని నుంచి పత్రికవాడు వచ్చాడు. నేను కాఫీ పోస్తున్నాను. మేకపాల జున్ను కోసి పెట్టాను.

"ఆ పొద్దుటి దూకుడు ఎలా ఉందో మా పాఠకులకి చెప్తారా?" అని అడిగాడు అతను.

వాడు కాదంటాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. సీవెర్ట్ కిటికీలోంచి కొండని చూస్తూ చెప్పాడు.

"మొదట ఏమీ ఉండదు. తర్వాత గాలి గట్టిపడుతుంది. పరుపులాగా. దాని మీద పడుకోవాలి. భయపడి లేస్తే విసిరి కొడుతుంది."

"అబ్బ! ఎంత బాగా చెప్పారు!" పత్రికవాడి కలం పరుగెత్తింది.

నా చేతిలో కాఫీ కెటిల్ కాలిపోతోంది. పొయ్యి దగ్గర నాన్న తలెత్తలేదు. పత్రికవాడు వెళ్ళాక అన్నాను.

"సీవెర్ట్, ఆ మాటలు నావి."

"మాటలకి కూడా కొలత కావాలా నీకు?" అన్నాడు వాడు. "నీకు రెండు కాళ్ళున్నాయి. నాకు ఆ ఒక్క దూకుడే మిగిలింది. దాన్నీ లాక్కుంటావా?"

"అది నీకు మిగల్లేదురా. నువ్వు దూకనిది నీకెలా మిగులుతుంది?"

"హెర్దిస్! చాలించు" అని నాన్న గద్దించాడు. "చచ్చి బతికినవాడితో తగువేమిటే? నీకు పోయిందేముంది?"

పోయిందేముందో ఆయనకి నేను చెప్పలేదు. చెప్పి తెలుసుకునే మనిషైతే చెయ్యి అలా ఊపేవాడే కాదు. ఆయనంటే నాకు ఆ రోజు అసహ్యం వేసింది. ఆ తర్వాతా తగ్గలేదు.

మంచు కరిగి, వాలు మీద పచ్చిక తల ఎత్తాక గుంజ పాతే రోజు వచ్చింది. అది మా ఆచారం. ఆ చలికాలంలో కొండ మీద అందరికంటే దూరం దూకి, నిలబడి దిగినవాడి పేరు చెక్కి, దిగిన చోట గుంజ పాతుతారు. పడినవాడికి గుంజ లేదు. అందుకని సంఘం వాళ్ళు సీవెర్ట్ పొద్దుటి దూకుడికి పాతాలని నిశ్చయించారు. ఎర్రరంగు గుంజ, తెల్లటి అక్షరాలు. పాస్టరుగారు వచ్చారు. లోయ సగం వచ్చింది. సీవెర్ట్‌ని తీసుకురాలేదు, వాడు కిటికీలోంచి చూస్తాడు.

అయితే ఎక్కడ పాతాలి? కొలత లేదు. ఆ రోజు జెండాలూ కర్రలూ మంచుతో పాటే పోయాయి. హోల్టే ఆస్లాక్ బాబాయిని అడిగాడు.

"నాకు గుర్తులేదు." ఆస్లాక్ బాబాయ్ టోపీ చేతుల్లో నలిపాడు. "ఆ అమ్మాయినడగండి. దానికి తెలుసు."

అందరూ నావైపు చూశారు. నాన్న పెద్ద సుత్తి భుజాన పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. కొలత కోసం నేను ఆయన్ని బతిమాలినట్టే.

నేను వాలు ఎక్కాను. చీలిన బండని దాటి పైకి, ఇంకా పైకి నడిచి, భోజవృక్షం మోడుకి ఎదురుగా ఆగాను.

"ఇక్కడ."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. హోల్టే దగ్గాడు.

"సరిగ్గా చూసి చెప్పమ్మాయ్" అన్నాడు నాన్న.

"సరిగ్గానే చూశాను. సీవెర్ట్ నిలబడి దిగింది ఇక్కడే."

"ఇంకా కింద కదూ?" నాన్న సుత్తి భుజం మీంచి దించాడు. "ఆ బండ దగ్గర..."

"ఆ బండ దగ్గర దిగింది ఎవరు నాన్నా?"

హోల్టే బూట్లు చూసుకున్నాడు. ఆస్లాక్ బాబాయ్ ఒక్కడే నన్ను చూశాడు. లోయలో అబద్ధం ఆడి ఎరగని మనిషి, అంతమంది ముందు, నోరు తెరిచి మూసుకుని, మళ్ళీ తెరిచాడు.

"ఎవరూ లేరు" అన్నాడు.

"అయితే ఇక్కడే పాతు."

సుత్తి ఎత్తాడు. గుంజ నేను పట్టుకున్నాను, కదలకుండా. ఒక్కో దెబ్బకీ నా చేతులు భుజాల దాకా అదిరాయి. అయినా వదల్లేదు.

మళ్ళీ మంచు పడగానే బడి పిల్లలు కొండెక్కారు. ఒకడి తర్వాత ఒకడు, జడ్జీలు దించిన మెట్టు కంటే పైనుంచి బయల్దేరి, ఎర్ర గుంజని దాటి ఎగిరి, దానికి చాలా దిగువన దిగి, కేకలు వేసుకుంటూ మళ్ళీ ఎక్కుతున్నారు. ఆ గుంజ ఎవరిదని కూడా అడగడం మానేశారు. నేను పిండి కలుపుతున్నాను. సీవెర్ట్ కాసేపు చూశాడు.

"అక్కా." మెట్ల మీద ఆ రోజు తర్వాత వాడు నన్ను అలా పిలవడం అదే మొదలు. "ఈ కుర్చీ అటు తిప్పవే."

"ఎందుకురా? నీ గుంజేగా, చూసుకో."

"తిప్పవే అక్కా."

పిండి చేతులు కడుక్కుని, వాడి ఒళ్ళో కంబళి జారిపోతుంటే సర్దాను. కుర్చీ మాత్రం తిప్పలేదు. రోజూ పొద్దున్నే వాణ్ణి ఎత్తి అందులో కూర్చోబెట్టేది నేను. ఎటు తిప్పి కూర్చోబెట్టాలో అది నా ఇష్టం.